లైసెన్సు ఎవరికి? న్యాయ సహాయం ఎవరికి?

ఒక స్త్రీ తన హోటలుకు మద్యం లైసెన్సు కావాలని, దానికి న్యాయ సహాయం చెయ్యమని అడిగితే మహిళా సంఘం ఏం చెయ్యాలి? సారా వ్యతిరేకోద్యమం రోజుల్లో ఎవరైనా ఈ ప్రశ్న వేసి ఉంటే సమాధానం కోసం తడుముకోవలసిన అవసరం ఉండేది కాదు. 1992 నాటికి నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ కథ అక్షరాస్యతా పాఠమై ఊరూరా రాత్రిబడుల్లోకి వెళ్లింది. చదువుకున్న చేతులే చీపుళ్లు పట్టుకుని వేలంపాటల దగ్గరికి వెళ్లి నిలబడ్డాయి. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం ఆ స్త్రీలు సాధించినవే. 1997లో సంపూర్ణ నిషేధాన్ని ప్రభుత్వం ఎత్తివేసింది. ఆ తర్వాత రాష్ట్రం రెండైంది, ప్రభుత్వాలు అనేకం మారాయి. మద్యం మీద వచ్చే ఆదాయం మీద మాత్రం అందరి ప్రేమా ఒకటే.

ఆ పోరాటాన్ని వారసత్వంగా చెప్పుకునే వాళ్లం కాబట్టి లైసెన్సు మాట ఎత్తగానే ముఖం తిప్పుకోవడం సహజం. కానీ అలా చేస్తే ముగ్గురు స్త్రీలకు మనం జవాబు చెప్పనట్టే అవుతుంది. మొదటి స్త్రీ లైసెన్సు అడిగేది. అప్పు తెచ్చి హోటలు పెట్టుకుంది, లేదా భర్త చనిపోయాక ఆయన వ్యాపారం చేతికి వచ్చింది, లేదా మగవాళ్లు ఆమె చేత దరఖాస్తు మీద సంతకం పెట్టించారు. రెండవ స్త్రీ ఆ హోటలు ఉన్న వీధిలో ఉంటుంది. రాత్రి పదింటికి పని ముగించుకుని ఆ దారినే ఇంటికి రావాలి. ఆమె భర్త తాగేది అక్కడే కావచ్చు. మూడవ స్త్రీ ఆ హోటల్లోనే పని చేస్తుంది. వంటగదిలోనో, బల్లల దగ్గరో, కౌంటరు వెనకో ఆమె జీతం ఆ లైసెన్సుతోనే ముడిపడి ఉంది.

ఈ ముగ్గురిలో న్యాయ సహాయం దొరికేది ఎవరికి? లైసెన్సు కోసం డబ్బు పెట్టగలిగిన వాళ్లకు లాయర్లున్నారు, కన్సల్టెంట్లున్నారు, ఎక్సైజు కార్యాలయం మెట్లెక్కి దిగే దళారులున్నారు. కాగితాలు సిద్ధం చేసిపెట్టడం ఇప్పుడొక వృత్తి. వీధిలో ఉన్న స్త్రీకి, పనిలో ఉన్న స్త్రీకి అలాంటివాళ్లు లేరు. లైసెన్సు ఫైలు తయారయ్యేటప్పుడు వాళ్లిద్దరినీ పిలిచేవాళ్లు లేరు. మద్యం మంచిదా చెడ్డదా అన్న చర్చ కంటే ముందు మన పత్రిక పట్టించుకోవలసింది ఈ అసమానతనే.

చట్టం ఏం చెబుతుందో ముందు చూద్దాం. రాజ్యాంగం 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి ప్రభుత్వం కృషి చెయ్యాలని ఆదేశిక సూత్రంగా చెప్పింది. అదే రాజ్యాంగం మద్యం తయారీ, అమ్మకాలపై చట్టం చేసే అధికారాన్ని, దానిపై ఎక్సైజు సుంకం వేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఒక చేత్తో నిషేధించమని, ఇంకో చేత్తో పన్ను వేసుకోమని చెప్పినట్టయింది. మన రెండు రాష్ట్రాల్లోనూ ఈ వ్యవహారాన్ని చూసే శాఖ పేరు ఇప్పటికీ మద్యనిషేధ, ఆబ్కారీ శాఖే! పేరులో నిషేధం మిగిలింది, పని మాత్రం అమ్మించడం. లైసెన్సులకు మూలం 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం. తెలంగాణ కూడా దాన్నే తన చట్టంగా స్వీకరించింది.

ఈ చట్టాల కింద వచ్చే లైసెన్సు హక్కు కాదు. మద్యం వ్యాపారం చేసుకోవడం పౌరులకు ప్రాథమిక హక్కు కాదని సుప్రీంకోర్టు 1994లో ఖోడే డిస్టిలరీస్ కేసులో స్పష్టంగా చెప్పింది. ప్రభుత్వం తలచుకుంటే పూర్తిగా నిషేధించవచ్చు, తానే గుత్తగా నడపవచ్చు, షరతులతో ఇతరులకు ఇవ్వవచ్చు. అయితే ఆ తీర్పులోనే ఇంకో మాట ఉంది. ఇతరులకు ఇవ్వాలని నిర్ణయించుకున్న తర్వాత అర్హత ఉన్నవాళ్ల మధ్య వివక్ష చూపకూడదు. ఈ రెండు మాటలనూ కలిపి గుర్తుపెట్టుకోవాలి. మొదటి మాట వీధిలోని స్త్రీకి బలం. లైసెన్సుదారుకి వ్యాపారం చేసే ప్రాథమిక హక్కు లేదు కాబట్టి ఆమె తన భద్రత గురించి అడిగేటప్పుడు ఎవరి హక్కునూ హరించడం లేదు. రెండవ మాట దరఖాస్తు పెట్టుకున్న స్త్రీకి బలం. ఆడదానివి నీకెందుకీ వ్యాపారం అని ఏ అధికారీ ఆమె కాగితాన్ని పక్కన పెట్టడానికి వీల్లేదు.

ఇక బారు లైసెన్సు ఎలా వస్తుంది? హోటలు పెట్టుకున్న ప్రతివాళ్లూ అడిగి తెచ్చుకునేది కాదు. పట్టణ జనాభాను బట్టి బార్ల సంఖ్యను ప్రభుత్వం ముందే ఖరారు చేస్తుంది. నోటిఫికేషన్ ఇచ్చి దరఖాస్తులు తీసుకుంటుంది, లాటరీ తీస్తుంది. స్టార్ హోటళ్లకు వేరే నిబంధనలు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 సెప్టెంబరు నుంచి మూడేళ్లకు ప్రకటించిన విధానంలో 840 బార్లు పెట్టారు. గీత కులాలవారికి అదనంగా పది శాతం కేటాయించారు. ఒక్కో బారుకు కనీసం నాలుగు దరఖాస్తులు వస్తేనే లాటరీ అన్నారు. దరఖాస్తు రుసుము 5 లక్షల రూపాయలు, పేరు రాకపోయినా తిరిగి రాదు. లైసెన్సు రుసుము యాభైవేల లోపు జనాభా ఉన్న పట్టణాల్లో ఏడాదికి 35 లక్షలు, ఐదు లక్షల జనాభా దాకా 55 లక్షలు, అంతకు మించిన నగరాల్లో 75 లక్షలు. దీనికి తోడు స్థలం లీజు దస్తావేజు, మున్సిపల్ ట్రేడు లైసెన్సు, ఆహార భద్రత లైసెన్సు, అగ్నిమాపక శాఖ అనుమతి, బ్యాంకు గ్యారంటీలు.

ఈ అంకెలు చదివాక మనకు ఒక విషయం అర్థం కావాలి. కూరల పాయింటుతో మొదలుపెట్టి నాలుగు బల్లల హోటలు దాకా ఎదిగిన స్త్రీకి ఈ లైసెన్సు అందే ద్రాక్ష కాదు. ఎంత గొప్ప లాయరు ఉన్నా లాటరీలో పేరు తెప్పించలేడు, 35 లక్షలు తగ్గించలేడు. ఎవరైనా మీకు లైసెన్సు ఇప్పిస్తామని అడ్వాన్సు అడిగితే అది న్యాయ సహాయం కాదు, మోసం. అప్పు తెచ్చి దరఖాస్తు రుసుము కట్టే ముందు ఏ స్త్రీ అయినా ఈ సంగతి తెలుసుకోవాలి.

అయినా స్త్రీల పేర్లు లైసెన్సుల్లో కనబడుతూనే ఉన్నాయి. బార్ల సంగతి అలా ఉంచి మద్యం దుకాణాలే తీసుకుంటే, 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 దుకాణాలకు లాటరీ తీసినప్పుడు మూడువందలకు పైగా దుకాణాలు స్త్రీల పేరు మీద వచ్చాయి. పత్రికలు దాన్ని మహిళల ముందడుగులా రాశాయి. వారిలో స్వయంగా వ్యాపారం చేసుకునే స్త్రీలు ఉంటే ఉండవచ్చు. కానీ ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని దరఖాస్తులు వేసి అదృష్టం పరీక్షించుకునే పద్ధతి అందరికీ తెలిసిందే. భార్య పేరు, తల్లి పేరు, కోడలి పేరు, చివరికి ఇంట్లో పనిచేసే మనిషి పేరు. పొలం పట్టాలో చోటు దొరకని స్త్రీ పేరు మద్యం లైసెన్సులో ఇంత సులువుగా ఎలా ఎక్కుతుంది?

సంతకం పెట్టే ముందు ఆమెకు ఎవరూ చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. లైసెన్సు ఎవరి పేరు మీద ఉంటే బాధ్యత వాళ్లదే. అమ్మకం దగ్గర కూర్చునే మనిషికి నౌకరునామా రాయించి పెట్టినా, అతను చేసిన తప్పుకు లైసెన్సుదారు కూడా జవాబు చెప్పాలి. 21 ఏళ్లు నిండని పిల్లలకు పోసినా, వేళలు దాటి అమ్మినా, సుంకం కట్టని సరుకు దొరికినా, కేసు కాగితంలో రాసేది ఆమె పేరే. షరతులు తప్పితే, కట్టవలసింది కట్టకపోతే లైసెన్సును ఆపే, రద్దు చేసే అధికారం ఎక్సైజు చట్టం 31వ సెక్షను కింద అధికారులకు ఉంది. బకాయి పడిన సొమ్మును భూమిశిస్తు బకాయిలాగా ఆస్తి జప్తు చేసి వసూలు చేసుకోవచ్చు. లాభం పంచుకునేటప్పుడు గుర్తుకు రాని పేరు జప్తు నోటీసు వచ్చేటప్పుడు అందరికీ గుర్తుకొస్తుంది. కాబట్టి చదవకుండా సంతకం పెట్టకండి. లెక్కల పుస్తకం, బ్యాంకు ఖాతా మీ చేతిలో లేని వ్యాపారానికి మీ పేరు ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చి ఉంటే లైసెన్సు ప్రతి, కట్టిన చలాన్లు, నౌకరునామా ప్రతి తెచ్చి మీ దగ్గర పెట్టుకోండి.

ఇక వీధి సంగతి. మద్యం తాగడం తాగేవాడి సొంత విషయమని చాలామంది చదువుకున్నవాళ్లు అంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం పదిహేనేళ్లు దాటిన పురుషుల్లో మద్యం తాగేవాళ్లు తెలంగాణలో 43 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 23 శాతం. భర్త తరచుగా తాగి మత్తులో ఉండే స్త్రీలలో 70 శాతం మంది అతని చేతిలో హింసకు గురయ్యారని ఆ సర్వే దేశం మొత్తం మీద లెక్క చెప్పింది. అసలు తాగని భర్తలున్న స్త్రీలలోనూ అది 23 శాతం ఉంది. ఈ రెండు అంకెల్లో దేన్నీ మరిచిపోకూడదు. రెండవ అంకె మగవాడి అధికారం సీసాలో పుట్టలేదని చెబుతుంది. మొదటి అంకె సీసా ఆ అధికారానికి ఎంత కత్తి అందిస్తుందో చెబుతుంది. కాబట్టి తాగుడు సొంత విషయం కాదు. దానికి అనుమతి ఇచ్చే కాగితం కూడా ప్రభుత్వానికి, వ్యాపారికి మధ్య జరిగే లావాదేవీ మాత్రమే కాదు.

లైసెన్సులోని షరతులు బయట ఉన్న మనుషుల కోసం పెట్టినవి. బడికి, గుడికి, ఆసుపత్రికి ఇంత దూరం ఉండాలి, ఇన్నింటికి మూసెయ్యాలి, పిల్లలకు అమ్మకూడదు, చుట్టుపక్కల అల్లరి జరగకూడదు. వీటిలో ఏదీ లైసెన్సుదారు సౌకర్యం కోసం పెట్టింది కాదు. కానీ వీటిని తప్పించుకోవడానికే న్యాయ సలహా అంతా ఖర్చవుతుంది. 2016 డిసెంబరు 15న సుప్రీంకోర్టు బాలు కేసులో జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం అమ్మకూడదని తీర్పు ఇచ్చింది. తాగి బండి నడిపే ప్రమాదాల్లో చచ్చిపోతున్నవాళ్ల కోసం ఇచ్చిన తీర్పు అది. 2017 మార్చి 31న ఇది బార్లకూ వర్తిస్తుందని చెబుతూనే, ఇరవై వేల లోపు జనాభా ఉన్న చోట్ల దూరాన్ని 220 మీటర్లకు తగ్గించింది. ఆ జూలైలో మున్సిపల్ పరిధిలోని వాటికి ఇది అడ్డు కాదని వివరించింది. ఈలోగా కొన్ని రాష్ట్ర ప్రభుత్వాలు రహదారులకు పేర్లు మార్చి మామూలు రోడ్లు చేసేశాయి. కేరళలో ఎర్నాకుళం జిల్లాలో ఒక బారు యజమాని తన ముంగిట మెలికలు తిరిగే దారి కట్టాడు. తలుపు ఉన్నచోటే ఉంది, నడక మాత్రం పెరిగింది! నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ దూరాన్ని కొలిచే టేపు ఎప్పుడూ ఒకరి చేతిలోనే ఉంటే చట్టం ఎన్ని మెలికలైనా తిరుగుతుంది.

ఆ టేపు రెండవ కొన స్త్రీల చేతికి రావాలి. అందుకు దారులున్నాయి. సమాచార హక్కు చట్టం 2005 కింద పది రూపాయల రుసుముతో లైసెన్సు ప్రతి, స్థలం ప్లాను, తనిఖీ అధికారి రాసిన దూరాల నివేదిక అడగవచ్చు. ముప్పై రోజుల్లో సమాధానం రావాలి. ప్లానులో బడి ఎక్కడ చూపించారో, నిజంగా ఎక్కడ ఉందో మీరే కొలిచి చూడండి. ధర్నాకు ముందు ఫైలు చదవండి. బారు మాకొద్దు అన్న మాట కోర్టులో ఎంతసేపు నిలుస్తుందో చెప్పలేం. ఫలానా షరతు ఫలానా తేదీన ఇలా తప్పింది అన్న మాట నిలుస్తుంది. తేదీలు, వేళలు, ఫొటోలు, పోలీసులకు ఇచ్చిన ఫిర్యాదుల రశీదులు ఒక పుస్తకంలో రాసి పెట్టుకోండి. బహిరంగ న్యూసెన్సును తొలగించమని భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటును అడగవచ్చు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇది 133వ సెక్షను. అక్కడా కుదరకపోతే హైకోర్టులో రిట్ వెయ్యవచ్చు.

లాయరు ఫీజు ఎవరిస్తారన్న ప్రశ్న వస్తుంది. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 1987, 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. ఆదాయం ఎంత అని అడగనవసరం లేదు. జిల్లా కోర్టు ఆవరణలోనూ, మండల స్థాయిలోనూ ఉండే న్యాయ సేవా సంస్థల దగ్గరికి స్త్రీలు ఎక్కువగా మనోవర్తి, విడాకుల కోసమే వెళ్తారు. వీధి భద్రత కోసం కూడా ఆ తలుపు తట్టవచ్చని మనం చెప్పాలి. లైసెన్సు కోరేవాడు లక్షలు పోసి కొనుక్కునే న్యాయ సహాయం, వీధిలోని స్త్రీకి చట్టరీత్యా ఉచితంగా రావలసి ఉంది. తెచ్చుకోవడమే మిగిలింది.

ఇంకా ముందుకు వెళ్లిన చోట్లు ఉన్నాయి. మహారాష్ట్రలో 2008 ఉత్తర్వు ప్రకారం గ్రామంలోగానీ వార్డులోగానీ ఉన్న స్త్రీ ఓటర్లలో 25 శాతం మంది రాసి ఇస్తే రహస్య ఓటింగు పెట్టాలి. సగానికి పైగా మూసెయ్యమంటే మూసెయ్యాలి. నిలబడ్డ సీసా, పడుకోబెట్టిన సీసా గుర్తుల మీద స్త్రీలు ఓటు వేస్తారు. రాజస్థాన్‌లో రాజ్‌సమంద్ జిల్లా కఛ్‌బలీ గ్రామంలో 2016 మార్చిలో ఇలాంటి ఓటింగుతోనే మద్యం దుకాణం మూతపడింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో మద్యం అమ్మకాలను నిషేధించే, నియంత్రించే అధికారం గ్రామసభకు ఉండాలని 1996 నాటి పీసా చట్టం చెప్పింది. అరకు, భద్రాచలం ప్రాంతాల్లో పర్యాటకుల కోసం రిసార్టులు వస్తున్నప్పుడు ఆదివాసీ స్త్రీలు మొదట తెలుసుకోవలసిన చట్టం ఇదే. హోటలు అనే బోర్డు తగిలించినంత మాత్రాన గ్రామసభ మాట చెల్లకుండా పోకూడదు.

మూడవ స్త్రీ దగ్గరికి వద్దాం. మద్యం అమ్మేచోట ఆడవాళ్లకు పనేమిటని అడగడం చాలామందికి అలవాటు, మన సంఘాల్లోనూ ఆ మాట వినిపిస్తుంది. పంజాబ్ ఎక్సైజు చట్టం 1914లోని 30వ సెక్షను సరిగ్గా ఆ మాటే అంది. మద్యం తాగే చోట్ల స్త్రీలను పనిలో పెట్టుకోకూడదని నిషేధించింది. ఢిల్లీలో ఆ చట్టం అమలులో ఉన్న కాలంలో హోటల్ మేనేజిమెంటు చదివిన అమ్మాయిలకు సగం ఉద్యోగాలు ముందే మూతపడ్డాయి. 2007లో అనూజ్ గర్గ్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షను చెల్లదని చెప్పింది. భద్రత కల్పించవలసిన ప్రభుత్వం ఆ పని మానేసి, స్త్రీ బతుకుతెరువునే తీసెయ్యడం రక్షణ కాదని ఆ తీర్పు సారం. మహారాష్ట్రలో 2005లో డాన్స్ బార్లను నిషేధించినప్పుడు త్రీ స్టార్, ఆపై హోటళ్లకు మినహాయింపు ఇచ్చారు. పేదవాడి బార్లో ఆట అశ్లీలం, డబ్బున్నవాడి హోటల్లో సంస్కృతి! వేలాదిమంది స్త్రీలు పని పోగొట్టుకున్నారు. ఆ నిషేధం 2013లో సుప్రీంకోర్టులో నిలవలేదు. 2022 ఫిబ్రవరిలో హోటల్ ప్రియ కేసులో, ఆర్కెస్ట్రా బార్లలో పాడే స్త్రీలు నలుగురికి మించకూడదన్న లైసెన్సు షరతు కూడా పోయింది.

ఈ తీర్పులను మద్యం వ్యాపారానికి గెలుపుగా మనం చూడనవసరం లేదు. లైసెన్సు షరతు పేరుతో స్త్రీ శ్రమను అదుపు చెయ్యకూడదన్నదే వాటి అర్థం. ఉద్యోగం వదిలెయ్యమని ఆమెకు చెప్పే అధికారం మనకు లేదు. ఆమె వదిలేస్తే పిల్లల బడి ఫీజు మనం కట్టబోవడం లేదు. మనం అడగవలసినవి వేరే ఉన్నాయి. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 చట్టం అంటుంది. బార్లలో ఆ కమిటీ ఉందా? పదిమంది లేనిచోట ఫిర్యాదు జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఇవ్వవచ్చని ఆమెకు ఎవరైనా చెప్పారా? రాత్రి ఇంటికి చేర్చే బండి ఉందా? నియామక పత్రం, ప్రావిడెంట్ ఫండు ఉన్నాయా? తాగినవాడు చెయ్యి పట్టుకుంటే గిరాకీ పోతుందని యజమాని ఊరుకుంటాడా, బయటికి పంపిస్తాడా? ఫైరింజను లోపలికి రాగలదా లేదా అని చూసి లైసెన్సు ఇచ్చే అధికారి, ఆడమనిషి క్షేమంగా ఇంటికి పోగలదా లేదా అని ఎందుకు చూడడు?

మొదట వేసిన ప్రశ్నకు ఇప్పుడు సమాధానం చెప్పాలి. లైసెన్సులు తెచ్చిపెట్టే పని మహిళా సంఘాలది కాదు. మన పరిమితమైన లాయర్లను, కార్యకర్తల సమయాన్ని ఆ క్యూలో నిలబెట్టలేం. దానికి బజారులో మనుషులున్నారు. కానీ తలుపు తట్టిన స్త్రీని నీతులు చెప్పి పంపించకూడదు. ఆమెకు చట్టం చదివి వినిపించాలి. ఆమె సంతకం విలువ, ఆమె నెత్తిన పడే బాధ్యత చెప్పాలి. స్త్రీ అయినందుకు ఆమె దరఖాస్తును తిరస్కరిస్తే, చనిపోయిన భర్త వ్యాపారంలో ఆమె వాటాను మరుదులు కాజేస్తే, ఆమె పేరును వాడుకుని ఆమెను అప్పుల్లో ముంచితే, ఆ అన్యాయం మీద ఆమె తరఫున నిలబడాలి. అది మద్యానికి చేసే సాయం కాదు, స్త్రీకి చేసే సాయం. అదే సమయంలో ఆమె బారు షరతులు తప్పితే వీధిలోని స్త్రీల తరఫునే నిలబడతామని ముందే ముఖాన చెప్పాలి. యజమానురాలు స్త్రీ అయినంత మాత్రాన వీధిలో వాళ్ల రాత్రులు తేలికవ్వవు.

ప్రభుత్వాల ముందు పెట్టవలసిన కోర్కెలు కూడా ఇందులోంచే వస్తాయి. కొత్త బారుకు లైసెన్సు ఇచ్చే ముందు ఆ వీధిలో తెలుగులో బోర్డు పెట్టి, గడువు ఇచ్చి, అభ్యంతరాలు వినాలి. ఆ విచారణ ఆడవాళ్లు రాగలిగిన వేళలో, రాగలిగిన చోట జరగాలి. దూరాల కొలత స్థానికుల ఎదుట జరగాలి. లైసెన్సు షరతులన్నీ బారు బయట చదవగలిగేలా రాసి ఉండాలి. మహారాష్ట్రలో లాగా స్త్రీ ఓటర్లు ఓటుతో మూయించే వీలు మన రెండు రాష్ట్రాల్లోనూ, పల్లెలకూ పట్టణాలకూ కావాలి. పనిచేసే స్త్రీల భద్రతా ఏర్పాట్లు లేకపోతే లైసెన్సు పునరుద్ధరించకూడదు. లైసెన్సే లేని బెల్టు షాపుల మీద చర్య తీసుకోకుండా లైసెన్సు షరతుల గురించి మాట్లాడటం హాస్యాస్పదం కాబట్టి ముందు వాటిని మూయించాలి.

ఇవేవీ సంపూర్ణ నిషేధానికి బదులు కావు. నిషేధం కావాలా వద్దా అన్న చర్చ మనలో సాగుతూనే ఉంటుంది, సాగాలి కూడా. కానీ ఆ చర్చ తేలేదాకా వీధుల్లో బార్లు ఆగవు. ప్రతి నోటిఫికేషనుకూ, ప్రతి లాటరీకీ కొత్త ఫైళ్లు తెరుచుకుంటూనే ఉంటాయి. 1992లో స్త్రీలు వేలంపాట జరిగే చోటికి వెళ్లారు, ఎందుకంటే నిర్ణయం జరిగేది అక్కడే. ఇవాళ నిర్ణయం ఫైలులో జరుగుతోంది. కాబట్టి ఫైలు దగ్గరికి వెళ్దాం. ప్రతి సంఘమూ తన పరిధిలో ఒక్క లైసెన్సు ఫైలునైనా ఈ మూడు నెలల్లో అడిగి తెప్పించి, నలుగురు కూర్చుని చదవండి. ఏ షరతు ఉందో, ఏది తప్పిందో రాసి పంపండి. వచ్చే సంచికలో వాటిని అచ్చువేస్తాం.

— సంపాదకవర్గం